గొట్టంలోంచి దించిన పెట్టె

కూలిన బావి పక్కన, టార్పాలిన్ నీడలో.

“మళ్ళీ ఆరిపోయిందా నీ పెట్టె?”

“ఆరలేదు వదినా. పడి లేచింది.”

“పడి లేవడమేంటి? అదేమన్నా పసిబిడ్డా?”

“అలాగే అనుకో. పవరు చాలకపోతే బోర్డు స్పృహ తప్పుతుంది. తనంతట తనే లేస్తుంది. లేచాక అన్నీ మొదటి నుంచీ మొదలు. ఇంతలో మళ్ళీ పడుతుంది.”

“లేచినప్పుడైనా బావిలో మీ అన్నయ్య కనబడ్డాడా?”

“కనబడడు, చెప్పాగా. ఇందులో కెమెరా లేదు. చప్పుడు వినేది ఒకటి, కదలిక పట్టేది ఒకటి, వేడి చూసేది ఒకటి, ఊపిరి పట్టేది ఒకటి. అంతే.”

“ఊపిరిని ఎలా పడుతుంది?”

“మనం వదిలిన గాలి వేరుగా ఉంటుంది వదినా. తలుపులేసిన గదిలో నలుగురు పడుకుంటే తెల్లారేసరికి గదంతా ముక్కిపోయినట్టు ఉంటుంది చూడు, అది. కింద అన్నయ్య ఊపిరి తీస్తుంటే ఆ గాలి పెరుగుతూ పోవాలి.”

“పెరుగుతోందా?”

“చూసేలోపు పడిపోతోందిగా!”

“నా మీద అరవకు.”

“అరవట్లేదు.”

“అరిచావు. పోనీలే, అరుచుకో. ఎవరో ఒకరు అరవాలి. పొద్దున్నించీ అందరూ గుసగుసలే. నేను దగ్గరికెళ్తే నోళ్ళు కుట్టేసుకుంటున్నారు. ఒకావిడైతే ‘మీ ఆయనకి వయసెంత’ అని అడిగింది. ఎంతైతే ఆవిడకెందుకు?”

“ఆవిడ మాట వదిలెయ్. ఈ టార్చి ఇలా పట్టుకో.”

“ఇలాగేనా?”

“కొంచెం కిందకి. ఇదిగో, ఈ వైరు చూడు. తప్పంతా దీనిదే. కాలేజీ ల్యాబులో బల్ల మీద జానెడు వైరు చాలు, నాలుగు సెన్సార్లూ హాయిగా నడుస్తాయి. ఇక్కడ బావంత పొడుగు. దారం లాంటి వైరు. పైన నిండుగా పోసినా కిందకి చేరేసరికి సగం వైరే తాగేస్తోంది.”

“కాలవ నీళ్ళలాగ. పైవాళ్ళ పొలాలకే సరిపోయి చివరి మడి ఎండినట్టు.”

“అచ్చం అంతే. ఆ చివరి మడిలో మళ్ళీ నలుగురు పంచుకోవాలి. బోర్డు తన కడుపు నింపుకుని, మిగిలింది ఈ నాలుగింటికీ పెట్టాలి. అందులో ఈ ఊపిరి సెన్సారు ఉంది చూడు, ఇది పొయ్యి లాంటిది. ముందు తను వేడెక్కాలి. అది వేడెక్కడం మొదలెట్టగానే మిగతా మూడింటికీ పస్తు. బోర్డు దభీమని పడుతుంది.”

“అయితే దాన్ని తీసెయ్.”

“ఊపిరిది?”

“...వద్దు. ఊపిరిది వద్దు. చప్పుడుది తీసెయ్.”

“అన్నయ్య పిలిస్తే వినబడొద్దా?”

“వినబడాలి. అయ్యో, అదీ ఉండాలి. మరి వేడిది?”

“అది తినేదే చిటికెడు వదినా. తీసినా లాభం లేదు.”

“ఇంట్లో పప్పు చాలకపోతే నీళ్ళు పోస్తాను. దీంట్లో ఏం పొయ్యను?”

“నవ్వించకు.”

“నవ్వమనే అంటున్నా. మీ అన్నయ్య పైకొచ్చి మీ మొహాలు చూస్తే మళ్ళీ బావిలోకి దిగిపోతాడు.”

“తమ్ముడూ! ఏమంటోంది నీ పెట్టె?”

“ఇంకా ఏం అనలేదు మేస్త్రీ. పవరు చాలట్లేదు. అన్నయ్య దగ్గరికి తవ్వే పక్క గొయ్యి ఎంతవరకు వచ్చింది?”

“బావిలో ఆ బండ ఎత్తుకి రావాలంటే ఇంకా మనిషి లోతు తవ్వాలి. మిషను దగ్గరికి రానివ్వట్లేదు, అదిరితే మిగిలిన గట్టూ కూలుతుంది. పలుగూ పారే గతి. చెల్లెమ్మా, నువ్వు కాస్త అటు వెళ్ళి కూర్చోకూడదూ?”

“నా గురించి కాదు, ఆయన గురించి చెప్పు అన్నా. పొద్దున కూత విన్నానన్నావు. నిజంగా విన్నావా?”

“విన్నానమ్మా. కింద ఉన్నవాడు తట్ట తట్టకీ కూత పెట్టాలి, అదే మా లెక్క. కూత ఆగితే తాడు లాగేస్తాం. గట్టు జారాక గొట్టం దింపి చెవి పెట్టాను. ఒక్కసారి వినబడింది. బండ కింద ఖాళీలో దూరుంటాడు, తెలివైనవాడు.”

“తర్వాత?”

“తర్వాత కిందకి గాలి ఊదే బ్లోయరు పెట్టాంగా, ఆ గోలలో ఏం వినబడుతుంది? అందుకే తమ్ముణ్ణి పెట్టె తెమ్మన్నా.”

“మేస్త్రీ, నాకు లావు వైరు కావాలి. పొడుగుది. సెన్సార్లకి వేరే దారి వేస్తే గానీ పని జరగదు. బోర్డు నుంచి ఒక్కదానికీ తాగించను. బండి బ్యాటరీ విప్పి, పన్నెండు వోల్టులూ లావు వైరులో కిందకి పంపి, పెట్టె పక్కనే దాన్ని అయిదుకి దించుతా. అంత దూరం నడిచి సగం అయినా, పన్నెండులో సగం ఇంకా నాకు చాలు.”

“లావు వైరంటే ఎక్కడిది? ఉన్నదొక్కటే, గోతిలో లైటుకి పోయింది.”

“అదే ఇవ్వు.”

“మావాళ్ళు చీకట్లో తవ్వాలా? పైన మబ్బు చూశావా? కింద అసలే ఏం కనబడట్లేదు.”

“టార్చీలు పెట్టుకోండి. కాసేపు.”

“గోతి గోడ ఎక్కడ బీట వేసిందో చూసుకునేది ఆ లైటు వెలుతుర్లోనే తమ్ముడూ. నా చెల్లెలి మొగుడున్నాడు కింద.”

“ఈ బావిలో నా అన్న ఉన్నాడు.”

“...సరే. తీసుకో. కానీ ఒక మాట. ఉన్నాడని పెట్టె చెబితే ప్రాణానికి తెగించి తవ్వుతాం. లేడని చెబితే మాత్రం, తప్పుగా అనుకోకు చెల్లెమ్మా, ఈ వానలో నేను ఎవర్నీ కిందకి దించను. పోయినవాడి కోసం ఉన్నవాళ్ళని పోగొట్టుకోను. మట్టి పోసి మూసేయమంటారు పై ఆఫీసర్లు కూడా.”

“మూసేయడమేంటన్నా? ఆయన్ని లోపల పెట్టేనా?”

“నేను అనలేదమ్మా. పైవాళ్ళు అనుకుంటున్నారు. ఇంద, వైరు లాక్కో తమ్ముడూ.”

“విన్నావా వదినా? పెట్టె పైకి లాగేశా, టార్చి ఊపకు. రెండు చేతులతో పట్టుకో.”

“నా టార్చి బాగానే ఉంది. నీ టంకమే పక్కన పడుతోంది చూడు.”

“గాలికి.”

“గాలెక్కడుంది, ఆకు కదలట్లేదు?”

“వదినా, నాకు మాట్లాడుతూ పని చేయడం రాదు.”

“నీకు మాట్లాడకుండా పని చేయడమూ రాదు. మీ అన్నయ్య ఎప్పుడూ అంటాడు, ‘మావాడు దీపం వెలిగించమంటే ముందు దీపం గురించి గంట చెబుతాడు, అప్పటికి తెల్లారిపోతుంది’ అని.”

“అన్నాడా?”

“అన్నాడు. అని, వెళ్ళి ఊరందరికీ మా తమ్ముడు కాలేజీలో ల్యాబు చూస్తాడని చెప్పుకుంటాడు. నీ ల్యాబులో ఏముంటుందో ఆయనకి తెలీదు. ‘అక్కడ తాళాలన్నీ వాడి దగ్గరే’ అంటాడు.”

“...ఎర్ర వైరు ఇటివ్వు. అది కాదు, నలుపుది. రెండు దారుల నలుపు వైర్లూ ఒకచోట కలవాలి. కలపకపోతే బోర్డుకి సెన్సార్ల మాట అర్థం కాదు.”

“కలిపావా?”

“కలిపా. టేపు చుట్టు. గట్టిగా. నీళ్ళు ఊరుతున్నాయి కింద.”

“నీళ్ళా? ఎంత?”

“ఊరుతున్నాయన్నారు. తెలీదు. బావి కదా వదినా, ఊరవా?”

“ఊరతాయి. ఊట పడితే మొదటి చెంబు నాకే తెస్తానని చెప్పి దిగాడు.”

“పట్టుకో. మెల్లిగా వదులు. గొట్టం అంచుకి రాపిడి తగలనివ్వకు. ఇంకా... ఇంకా... ఆగు. చేరింది.”

“ఇప్పుడు?”

“బ్యాటరీ తగిలిస్తున్నా. మేస్త్రీ! బ్లోయరు ఆపమను!”

“ఆపితే ఆయనకి గాలి?”

“కొంచెంసేపే. గాలి ఊదుతుంటే ఊపిరి లెక్క తేలదు.”

“వెలిగిందా?”

“వెలిగింది.”

“పడిందా?”

“ఉండు.”

“పడలేదు కదా? అబ్బాయ్, పడలేదు కదా?”

“ఊపిరి సెన్సారు వేడెక్కాలి. ఉండు వదినా, కొంచెం ఉండు.”

“నేను కూత పెట్టనా? పైనుంచి మేము పెడితే కిందవాళ్ళు పెట్టాలి. ఆయనకి నా గొంతు తెలుసు. మొదట్లో నేనూ గిలక దగ్గర నిలబడేదాన్ని కదా. పెట్టనా?”

“పెట్టు.”

“హోయ్య్ ఓ! ... హోయ్య్ ఓ! ... వినబడుతోందా? నేనే! ... ఏమన్నా వచ్చిందా?”

“ఉండు, చూస్తున్నా.”

“అబ్బాయ్, నిన్నే. ఏమన్నా వచ్చిందా?”

“ఇంకోసారి పెట్టు.”

“హోయ్య్ ఓ! ... ఏవయ్యా, పలకవేం? నీ తమ్ముడొచ్చాడు! పెట్టె తెచ్చాడు! దాంతో మాట్లాడు! ... ఇప్పుడు?”

“ఇంకా చాలట్లేదు వదినా.”

“ఏది?”

“పవరు.”

“ఇంత లావు వైరు వేశాం కదా.”

“బ్యాటరీ పాతది. నిలబడట్లేదు.”

“మళ్ళీ పడిందా?”

“పడుతోంది. పడి లేస్తోంది.”

“ఏదీ, నన్ను చూడనీ.”

“ఎండ పడుతోంది వదినా, ల్యాప్‌టాప్ తెర కనబడదు.”

“ఎండెక్కడిది? వాన వచ్చేలా ఉంటే.”

“నీకు అర్థం కాదు అదంతా. గీతలు. నువ్వెళ్ళి అమ్మ దగ్గర కూర్చో.”

“అత్త దగ్గర పక్కింటావిడ ఉంది. నాలుగు గీతలు ఎందుకర్థం కావు? ఇదేది?”

“చప్పుడుది.”

“బల్లపరుపుగా ఉందేం?”

“మైకుకి పవరు చేరట్లేదు. చేరకపోతే అలాగే ఉంటుంది.”

“ఇది?”

“కదలికది. దానికీ చేరట్లేదు.”

“వేడిది చిటికెడే తింటుందన్నావు. దానికన్నా చేరి ఉంటుందిగా. ఎంత చూపిస్తోంది?”

“ఏదో పిచ్చి అంకె.”

“ఆ పిచ్చి అంకే చెప్పు.”

“ఎందుకు వదినా...”

“చెప్పు.”

“చుట్టూ మట్టి ఎంత చల్లగా ఉందో అంతే. ...అంటే, సెన్సారు గోడకి ఆనుకుందేమో. పక్కకి తిరిగి ఉంటుంది. అది నమ్మేది కాదు.”

“పైకి లాగి తిప్పి వేద్దామా?”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“లాగితే వైరు తెగుతుంది. మంచినీళ్ళు తాగావా నువ్వు? పొద్దున్నించీ ఏమీ తాగలేదు. వెళ్ళి తాగిరా. నేను చూస్తుంటా.”

“నన్ను పంపించేస్తున్నావు.”

“లేదు వదినా, నీళ్ళు తాగమంటున్నా.”

“తాగొస్తాలే. నువ్వు మాత్రం ఆ తెర మీంచి కళ్ళు తీయకు.”

“తీయను.”

“తమ్ముడూ, చెల్లెమ్మ లేదుగా? ఇప్పుడు చెప్పు. ఏముంది?”

“ఏం లేదు మేస్త్రీ. పవరు చాలట్లేదు, అంతే. బ్లోయరు మళ్ళీ వేసి, మీరు తవ్వండి.”

“మొహం చూసి చెప్పు.”

“తవ్వండన్నా! ఉన్నాడనే అనుకోండి. ఎందుకు లేడనుకుంటారు? పెట్టె పనిచేయకపోతే మనిషి లేనట్టా?”

“నేను లేడనలేదు. మట్టి మెత్తబడుతోంది, చినుకులు మొదలయ్యాయి. గోడ రాలుతోందని కింద నుంచి మావాడు చెప్పాడు. ఉన్నాడని గట్టిగా ఒక్క ముక్క చెప్పు, నేనే దిగుతా.”

“చెప్పలేను. పవరు చాలితే చెబుతా.”

“లేడని కూడా చెప్పలేవుగా?”

“చెప్పలేను.”

“సరే అయితే. తవ్విస్తా. లైటు లేదు, జాగ్రత్తగా తవ్వమంటా.”

“ఏమన్నాడు మేస్త్రీ? నేను రాగానే వెళ్ళిపోయాడు.”

“తవ్విస్తానన్నాడు వదినా. నీళ్ళు తాగావా?”

“తాగా. గోతి దగ్గర ఆవిడ ఇచ్చింది. పొద్దున నా చెయ్యి పట్టుకుని కూర్చుంది చూడు, ఆవిడే. మేస్త్రీ చెల్లెలు. ఇప్పుడు గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. వాళ్ళాయన కింద ఉన్నాడట. రాలిన మట్టి పెళ్ళ ఒకటి భుజం మీద పడిందట. ఏం కాలేదని కింద నుంచి ఆయన నవ్వుతున్నాడు. ఈవిడ నవ్వట్లేదు.”

“ఆ వైరు కాస్త పట్టుకో వదినా.”

“ఆవిడ నన్ను అడిగింది, ‘అక్కా, మీ పెట్టె ఏమన్నా చెప్పిందా’ అని. పవరు చాలట్లేదని చెప్పా. నువ్వు చెప్పమన్నట్టే. చెబుతుంటే నోరు చేదుగా అయింది.”

“నిజమే కదా అది.”

“గొట్టంలో రాయి వేశాను అబ్బాయ్.”

“ఏంటి?”

“నువ్వు మేస్త్రీతో అరుస్తున్నప్పుడు. నేను నీళ్ళకి వెళ్ళలేదు అప్పటికింకా, నీ వెనకే టార్పాలిన్ చాటున ఉన్నా. చిన్న రాయి. కిందకెళ్ళి టంగుమంది. నీ తెర మీద చప్పుడు గీత ఇంత ఎత్తు ఎగిరింది. నువ్వు చూడలేదు. నేను చూశా.”

“అది... అది అప్పుడప్పుడూ వస్తుంది. పవరు కాసేపు నిలబడి ఉంటుంది.”

“రెండోది వేశా. మళ్ళీ ఎగిరింది.”

“వదినా...”

“రాయికి పలికింది కానీ నా కూతకి కింద నుంచి ఎవరూ పలకలేదు.”

“నేను చెప్పేవాణ్ణి. చెబుదామనే ఉన్నా. నోరు రాలేదు.”

“ఎప్పటినుంచి పనిచేస్తోంది?”

“నువ్వు మొదటి కూత పెట్టినప్పటి నుంచి. ఒక్కసారి కూడా పడలేదు.”

“ఊపిరిది?”

“పెరగలేదు. బ్లోయరు ఆపి అంతసేపు చూశా. వెంట్రుకవాసి కూడా పెరగలేదు. కదలికది గుండె కొట్టుకున్నా పడుతుంది వదినా, అంత మంచిది. దానికంటే మంచిది మా ల్యాబులో లేదు.”

“ఊఁ.”

“నేను లేడని నోటితో అంటే వీళ్ళు పలుగులు పడేసి వెళ్ళిపోతారు. మట్టి పోస్తారు. అన్నయ్య మీద లారీతో మట్టి పోస్తుంటే నేను చూడాలా? అమ్మకి ఏం చూపించను? అదిగో ఆ మట్టిలో ఉన్నాడని చెప్పనా? కనీసం బయటికి తీస్తారని... తీశాక ఎలాగూ తెలుస్తుందని...”

“నాకు మాత్రం వద్దనుకున్నావా? రాయి వేసి చూసినదాన్ని, నీ జుట్టు పట్టుకుని అడగాలిగా. అడగలేదు. నువ్వు అబద్ధం ఆడుతుంటే, ఇంకా ఆడాలి, ఇంకా ఆడాలి అనుకుంటూ నిలబడ్డా. నాకు ఒక్కసారి ఆయన మొహం తుడవాలనుంది. ఆ మట్టి కళ్ళలో ఉంటుంది. అంతే. ఇంకేం లేదు.”

“అయితే ఊరుకుందాం వదినా. ఇంకెంతో లేదు. వాళ్ళు చేరిపోతారు.”

“ఆవిడ నన్ను అక్కా అంది.”

“అననీ! నువ్వు ఊరుకో. నీ కాళ్ళు పట్టుకుంటా. కొంచెంసేపు. ఒక్క మూర లోతు.”

“లే. కాళ్ళు వదులు. వాన పెరిగింది, ఆ తెర మీద ఏదన్నా కప్పు.”

“తమ్ముడూ! చెల్లెమ్మా! గోడ పెద్దగా బీట వేసింది. మావాళ్ళు వినట్లేదు, దగ్గరికొచ్చేశాం, వదలం అంటున్నారు. ఇంకొకడు కూడా దిగుతానని మోకు కట్టుకుంటున్నాడు. దించనా, ఆపనా? నీ పెట్టె సంగతేంటి?”

“అదే మేస్త్రీ, ఇందాక చెప్పాగా, పవరు...”

“ఎవర్నీ దించకు అన్నా. కింద ఉన్నవాళ్ళనీ పైకి లాగెయ్. పెట్టెకి పవరు చాలింది.”